కాగితం మీద మాస్టారు

ఆ ఊళ్ళో ఏ సంగతి చెప్పాలన్నా వరదతోనే లెక్క. పిల్ల పుట్టింది వరదకి ముందా వెనకా, గోడ లేపింది వరదకి ముందా వెనకా అని అడుగుతారు. ఈ సంగతి జరిగింది వంతెన కమ్మీల మీంచి నీళ్ళు పోయిన పెద్ద వరద మరుసటి ఏడు. అప్పటికింకా గోడల మీద బురద గీత చెరిగిపోలేదు.

అన్నదమ్ములిద్దరూ కుట్టుపని వాళ్ళు. అన్న కటింగ్ మాస్టారు. తమ్ముడు కాలర్లు కుడతాడు. బజారులో అన్నని మాస్టారు అని పిలిస్తే తమ్ముణ్ణి కాలరు అని పిలిచేవాళ్ళు. "కాలరున్నాడా" అని ఎవరైనా కేకేస్తే, సంగతి తెలియనివాళ్ళు తమ మెడ తడుముకునేవాళ్ళు. ఇద్దరూ పనిచేసే కొట్టు వరదలో మునిగింది. మిషన్లు కడిగారు, నూనె పోశారు, ఎండబెట్టారు. చక్రం తిరగలేదు. షావుకారు తలుపుకి తాళం వేసి తన దారి తాను చూసుకున్నాడు. అప్పట్నుంచి అన్న ఇంటి ముందు బల్ల వేసుకుని జిప్పులు మారుస్తున్నాడు. తమ్ముడు మేడ మీద తన గదిలో దిండు గలేబులు కుడుతున్నాడు.

రోడ్డు చివర యూనిఫారాలు కుట్టే కంపెనీ ఒకటి కొత్తగా తెరిచారు. ఒక కటింగ్ మాస్టారు కావాలి, కుట్టేవాళ్ళు కావాలి అని గేటుకి బోర్డు కట్టారు. అన్నదమ్ములు చెరో బయోడేటా కొట్టించుకుని ఇచ్చి వచ్చారు. తమ్ముడు ముందు ఇచ్చాడు. అన్న ఫొటో కోసం ఒక రోజు ఆగి ఇచ్చాడు.

గురువారం మధ్యాహ్నం తమ్ముడికి ఫోను వచ్చింది. అప్పుడతను గలేబు మూల తిప్పుతున్నాడు. కాలరు మూల తిప్పినట్టే కత్తెర మొనతో లోపల్నుంచి పొడిచి మొన తేలుస్తున్నాడు. దిండుకి అంత మొన ఎందుకని పెళ్ళాం ఎన్నిసార్లు అన్నా చెయ్యి వినదు.

"కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. కటింగ్ మాస్టారు పనికి మీ బయోడేటా చూశాం. సోమవారం పొద్దున రండి" అంది అవతల ఆడగొంతు.

"కటింగ్‌కి కాదమ్మా. నేను కాలర్లు."

ఆమె అతని పేరు చదివింది. తండ్రి పేరు చదివింది. "మీరే కదా?"

"నేనేనమ్మా."

"అయితే రండి" అని ఫోను పెట్టేసింది.

తమ్ముడికి సంతోషం వేసింది. అన్నకి రావలసిన పిలుపు తప్పి తనకి వచ్చిందనుకున్నాడు. ఇద్దరికీ తండ్రి ఒక్కడే, ఇంటి పేరు ఒక్కటే, ఎవరైనా పొరపాటు పడతారు. చెప్పులేసుకుని మెట్ల దాకా వెళ్ళాడు. పెళ్ళాం ఆపింది.

"ఉండండి. పేరు మీదే చదివిందిగా. ఆ కాగితం రెండో కాపీ ఉంది కదా, చూద్దాం."

పరుపు కిందనుంచి తీసింది. ఆమె గడగడా చదవగలదు. అతను కూడబలుక్కుని చదువుతాడు. ఆమె పేరు చదివింది, పుట్టిన తేదీ చదివింది, ఊరు చదివింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది.

"‘కటింగ్ మాస్టారుగా ఇరవై రెండేళ్ళ అనుభవం. పొరలు పరిచి గుడ్డ వృథా కాకుండా కోయుటలో నేర్పరి.’"

"ఏదీ, మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. అదే ఉంది. కాలర్ల మాట ఎక్కడా లేదు.

అతనికి ఒంటి మీద చల్లనీళ్ళు పోసినట్టయింది. జిరాక్సు కొట్టులో జరిగింది కళ్ళకి కట్టింది. అన్న ముందు రోజు కొట్టించుకున్నాడు. మర్నాడు తను వెళ్ళి, ఏం రాయాలో చెప్పడం చేతకాక, "మా అన్నకి కొట్టినట్టే నాక్కూడా కొట్టు" అన్నాడు. ఆ కొట్టాయన అన్న కాగితాన్నే తెర మీదికి తెచ్చి పేరు మార్చాడు, తేదీ మార్చాడు, ఫోను నంబరు మార్చాడు. మిగిలింది అట్లాగే వదిలేశాడు. తను చదవలేదు. కౌంటరు దగ్గర వెనకాల మనుషులు నిలబడి ఉండగా పెదాలు కదుపుతూ చదవడానికి సిగ్గేసింది. ఫొటో తిన్నగా అతికిందో లేదో చూసుకున్నాడు, సంతకం పెట్టాడు, తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

చెప్పులు విప్పేశాడు. మెట్లు దిగలేదు.

శుక్రవారం పొద్దున అన్నే కేకేశాడు. "ఒరేయ్, ఒకసారి కిందికి రా. ఈ ప్యాంటు పట్టుకో."

ఎవరిదో లావుపాటి ఆయన ప్యాంటు. నడుం విప్పి కొత్త ముక్క అతకాలి. తమ్ముడు ఎదురుగా కూర్చుని అంచు లాగి పట్టుకున్నాడు. అన్న బ్లేడు మొనతో కుట్టు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. గుడ్డకి బ్లేడు తగలదు, దారానికే తగులుతుంది.

"కంపెనీకి వెళ్ళొచ్చా" అన్నాడు అన్న. "కటింగ్‌కి మనిషి దొరికాడంట."

తమ్ముడి చేతిలో అంచు వదులైంది.

"లాగి పట్టుకో. ఎవడో పుణ్యాత్ముడు. ఈ చుట్టుపక్కల నేనెరగని కటింగ్ మాస్టారు ఎవడున్నాడా అని రాత్రంతా ఆలోచించా. మూలవీధి కుంటాయన చేతులెత్తేశాడు. స్టేషను దగ్గరాయన అల్లుడింటికి పోయాడు. ఇంకెవడు?"

"ఏమో" అన్నాడు తమ్ముడు.

"ఇంకో సంగతి. అక్కడి గుమాస్తా నా కాగితం చూసి నవ్వాడ్రా. ఇట్లాంటిది మా దగ్గర ఇంకోటి ఉందిలే అన్నాడు. ఏంటయ్యా అంటే చెప్పడు. కంచం దొంగిలించినవాణ్ణి చూసినట్టు చూశాడు."

వదిన గుమ్మంలోంచి అంది, "నవ్వితే నవ్వాడు. ఆ దొరికినవాడెవడో రెండు తానులు తగలేశాక వాళ్ళే కాళ్ళావేళ్ళా పడి వస్తారు."

"తగలేస్తాడే. వాడి మొహం. చేతిలో కత్తెర పట్టుకున్న ప్రతివాడూ మాస్టారే" అన్నాడు అన్న. అతను గట్టిగా తిట్టే మనిషి కాదు. వాతావరణం సంగతి చెబుతున్నట్టు తిడతాడు. "వాడు సిగ్గూ శరం లేకుండా ఏమేం రాయించుకున్నాడో."

తమ్ముడు అంచు వైపే చూస్తూ కూర్చున్నాడు. చెప్పాలంటే అదే సమయం. వాడెవడో కాదు నేనే అంటే ఒక్క మాట. అంచు ఇంకా గట్టిగా లాగి పట్టుకున్నాడు. ఒక రోజు ఆలస్యమైంది అప్పటికే. నిన్న చెప్పి ఉంటే పొరపాటు. ఇవాళ చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదన్నదానికి జవాబు లేదు.

కుట్టంతా విప్పాక అన్న బ్లేడు పక్కన పెట్టాడు. "నీకు కాలర్లకి పిలుపొస్తే నువ్వు వెళ్ళు. నాకు రాలేదని మొహమాటపడకు. ఒక పొయ్యి అన్నా సరిగ్గా వెలగాలి కదా."

తమ్ముడు లేచి మేడెక్కేశాడు. ప్యాంటు వదిలేసి పోయాడేంటని వెనక వదిన అనడం వినపడింది.

ఆ రోజూ మర్నాడూ పెళ్ళాం అతని వెంటపడింది. ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే ఇంత కథ ఉండేది కాదు, అతను తిట్టి ఊరుకునేవాడు.

"తప్పు మనం చేశామా? కొట్టినవాడు చేశాడు. మీరు వద్దంటే ఆ పని బావగారికే ఇస్తామని వాళ్ళేమన్నా రాసిచ్చారా? ఇంకోణ్ణి పిలుస్తారు. అప్పుడు కిందిల్లూ ఖాళీ, మీదిల్లూ ఖాళీ. మీరు చేరితే అక్కకి నేనే వేళకి ఇంత పెట్టి చూసుకుంటా. చేరకపోతే ఇద్దరం కలిసి పస్తులుందాం."

"నాకు కటింగ్ రాదు."

"రాదా? ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని చూసినవాళ్ళు."

శనివారం ఆమె పాత కర్టెను గుడ్డ తెచ్చి నేల మీద పడేసి, బయటికెళ్ళి కూర్చుంది. అతను కాసేపు దాన్ని చూశాడు. తర్వాత మడతలు పెట్టి పొరలు పరిచాడు. అరచేత్తో మధ్య నుంచి అంచులకి దువ్వి గాలి తీశాడు. సుద్దముక్క అంచు నేలకి రాసి పదును చేశాడు. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, భుజం పట్టీ. చంక దగ్గర వంపు గీసేటప్పుడు అన్న మణికట్టు ఎట్లా తిరుగుతుందో అతని మణికట్టూ అట్లాగే తిరిగింది. కోశాడు. అడుగు పొర తీసి పై పొర మీద పరిచి చూశాడు. నూలు పోగంత తేడా లేదు.

పెళ్ళాం లోపలికొచ్చి రెండు ముక్కలూ ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. "ఇంతేనా? దీనికేనా బావగారికి అంత మాస్టారుగిరీ?"

ఆ మాట ఎందుకో అతనికి చెంపదెబ్బలా తగిలింది. కర్టెను లాక్కుని చుట్టబెట్టి మంచం కిందికి తోశాడు. రాదనుకున్నంతసేపూ ఆ పని చెయ్యకపోవడానికి ఒక సాకు ఉంది. ఇప్పుడు అదీ పోయింది. పనికి ఒప్పుకుంటే దొంగతనం నడుస్తుంది, ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోలేరన్నదే అతన్ని మంచం మీద కుదురుగా పడుకోనివ్వలేదు.

ఆదివారం జిరాక్సు కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయనది నున్నటి బట్టతల. కుర్చీలోంచి లేవకుండానే మిషను మూత తెరవగలడు.

"నా కాగితంలో తప్పు పడింది" అన్నాడు తమ్ముడు.

"పేరు తప్పా?"

"పేరు కాదు. మా అన్న పని నా కింద పడింది."

ఆయన తెర మీద వెతికి చదివాడు. తల గోక్కున్నాడు, గోక్కోవడానికి అక్కడేమీ లేకపోయినా. "పడింది నిజమే. నువ్వేగా మీ అన్నకి కొట్టినట్టే కొట్టమన్నావు."

"అన్నాను."

"తక్కువ పడిందని వచ్చి తిట్టేవాళ్ళని చూశాను గానీ, ఎక్కువ పడిందని ఏడ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. దీంతో పిలుపొచ్చిందా?"

"వచ్చింది."

"మరి నోరు మూసుకుని వెళ్ళక. నా కొట్టులో జరిగిన ఒకే ఒక్క మంచి తప్పు ఇది."

తమ్ముడు కదలకుండా నిలబడ్డాడు. బట్టతల ఆయన అతని మొహం చూసి, ఆ లైను చెరిపేశాడు. "చెప్పు. ఏం కొట్టమంటావు?"

"కాలర్లు కుడతాను."

"అంతేనా? బాగా కుడతాను, నాజూగ్గా కుడతాను, ఏదన్నా."

"కాలర్లు కుడతాను. అంతే."

కొత్త కాగితం వేడివేడిగా బయటికొచ్చింది. ఈసారి తమ్ముడు కౌంటరు మీదే పెట్టుకుని, వేలు కింద పెట్టి, పెదాలు కదుపుతూ మొదట్నుంచి చివరి దాకా చదివాడు. వెనక ఒకావిడ ఎంతసేపు బాబూ అంది. అయినా చదివాడు. చదివినంతసేపూ చెవులు కాలుతూనే ఉన్నాయి.

సోమవారం కంపెనీకి వెళ్ళాడు. మేనేజరమ్మ పొడుగాటి గదిలో నిలబడి ఒక చొక్కాని పరీక్ష చేస్తోంది. భుజం కుట్టుకి అటూ ఇటూ రెండు బొటనవేళ్ళూ పెట్టి లాగి చూస్తోంది. ఇతను పేరు చెప్పగానే తలెత్తకుండా అంది, "కటింగ్ బల్ల ఆ చివర. ముందు వెళ్ళి చూసుకో. తర్వాత మాట్లాడదాం."

కాళ్ళు అటే నడిచాయి. బల్ల చాలా పొడుగ్గా ఉంది. చెక్క కొత్తది. ఇంకా ఎవరూ దాని మీద సుద్ద గీయలేదు. పైన తెల్లటి దీపాలు, నీడ పడకుండా. కోతమిషను తీగ పైనుంచి వేలాడుతోంది. అతను బల్ల మీద అరచెయ్యి ఉంచాడు. అన్న ఇంటి ముందు బల్ల గుర్తొచ్చింది. దానికో కాలు పొట్టి. కింద ఇటుకముక్క పెడతాడు. చెయ్యి తీసేసి వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఒక మాట."

"చెప్పు."

"నేను కటింగ్ మాస్టార్ని కాదమ్మా."

ఆమె చొక్కా వదిలింది. "మరి రాశావు."

"రాసింది నేను కాదమ్మా. ఇచ్చింది నేనే."

కొత్త కాగితం చేతికిచ్చాడు. మేం అన్నదమ్ములం, ఒకరిది చూసి ఒకరిది కొట్టారు, అతని పని నా కాగితంలో పడింది, చదవకుండా ఇచ్చాను, గురువారమే తెలిసింది అని చెప్పాడు. గురువారం నుంచి సోమవారానికి నాలుగు రోజులు. ఆమె లెక్కపెట్టినా పెట్టకపోయినా అతను పెట్టుకున్నాడు.

మేనేజరమ్మ గుమాస్తాని పిలిచి రెండో కాగితం తెమ్మంది. అతను అట్టపెట్టె అడుగునుంచి తీసి తెచ్చాడు. ఒక మూల అప్పటికే నలిగి ఉంది.

"ఇదా" అంది ఆమె. "ఇది రెండోసారి వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా నీదాన్లాగే ఉంది. నీ దాన్ని చూసి ఎత్తిరాశాడని పక్కన పడేశాం."

అన్న ఎందుకు దొంగలా కనపడ్డాడో తమ్ముడికి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఎత్తిరాసింది తన కాగితం. ఎత్తిరాసినవాడన్న పేరు మోసింది అన్న. తల ఎత్తలేకపోయాడు.

"ఆయన చెయ్యి ఒకసారి చూడండమ్మా. ఒక్క తాను ఇచ్చి చూడండి."

ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుతోంది. "మాకు యాభై దాటినవాళ్ళు వద్దని పైనుంచి మాట. నీకు నలభై ఎనిమిది. అతనికి నలభై అయిదు. బాగుంది, ఇద్దరూ లోపే." కాగితాల మీంచి కళ్ళెత్తి చూసింది. "అయితే నువ్వు అన్నయ్యవి."

కాదమ్మా అనడానికి తమ్ముడు నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. అన్నకి యాభై మూడు నిండాయి. నాన్న పోయిన ఏడు తనని చంకనేసుకుని తిప్పినవాడు. ఆయన వయసు కత్తిరించుకున్నాడు. చేతిలో కత్తెర ఉన్నవాడు కదా, చాలా లోపలికి కోశాడు.

గుమాస్తా ఎదురుచూస్తున్నాడు. మేనేజరమ్మ చూస్తోంది. నిజం చెప్పడానికి వచ్చినవాడు, అన్న అసలు వయసు ఇప్పుడు చెబితే, పెట్టె అడుగున ఉన్న కాగితం చెత్తబుట్టలోకి పోతుంది. ఈసారి పొరపాటున కాదు, తమ్ముడి నోటితో.

"అవునమ్మా. నేనే పెద్ద" అన్నాడు.

"తమ్ముడి కోసం చేతికొచ్చిన పని వదులుకుంటున్నావన్నమాట." ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "చూశావా? అన్నంటే అట్లా ఉండాలి." గుమాస్తా మొహంలో నవ్వు పోయి మర్యాద వచ్చింది. కూర్చోండని కుర్చీ లాగాడు.

తమ్ముడు కూర్చోలేదు. బతుకులో ఎవరూ అతన్ని నలుగురిలో మెచ్చుకోలేదు. ఆ ఒక్కసారీ ఇట్లా జరిగింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"రేపు ఇద్దరూ రండి. అతన్ని కటింగ్‌కి చూస్తా. నువ్వు కాలర్ల మిషను మీద కూర్చో. ఒక్క మాట. ఒకసారి మీ కాగితాలు నన్ను మోసం చేశాయి. ఇంకోసారి మీ ఇద్దరిలో ఎవరి దగ్గర తేడా వచ్చినా ఇద్దరూ బయటికే."

"అట్లాగేనమ్మా" అన్నాడు.

చీకటి పడకముందే కిందింటికి వెళ్ళాడు. అన్న బల్ల లోపలికి జరుపుకుంటున్నాడు. వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి, కూర్చోకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు. జిరాక్సు కొట్టు, ఫోను, కర్టెను గుడ్డ, అన్నీ. వదిన కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

"అంటే ఆ పుణ్యాత్ముడివి నువ్వా?" అన్నాడు అన్న.

"నేనే."

"శుక్రవారం నాడు ఇక్కడ కూర్చుని నాచేత తిట్టించుకున్నావు."

"తిట్టు, ఇప్పుడూ తిట్టు."

"తెలియకుండా తిడితే తిట్టుకి రుచి ఉంటుంది. ఇప్పుడేం తిట్టను." బల్ల కాలు కింద ఇటుకముక్క సరిచేశాడు. తర్వాత అన్నాడు, "కర్టెను కోశావన్నావే. అడుగు పొర జరిగిందా?"

"జరగలేదు."

"జరగదు. నేర్పింది ఎవరు."

తమ్ముడికి ఏడుపొచ్చింది. ఇంకా ఒకటి మిగిలి ఉంది. అది చెప్పడం మొదటిదాని కంటే కష్టమైంది. మొదటిది తన సిగ్గు. ఇది అన్న సిగ్గు.

"ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది" అన్నాడు. "తేదీలు చూసింది."

అన్న చేతులు ఆగిపోయాయి. వీపు ఇటుపెట్టి అట్లాగే వంగి ఉన్నాడు. మెడ మీద ఎముక కనపడుతోంది. అటు తిరిగే మాట్లాడాడు.

"బోర్డు మీద యాభై లోపు అని ఉంది. ఆ బట్టతల ఆయన వయసెంత అన్నాడు. నోరు నలభై అయిదు అంది. నీ వయసు గుర్తు రాలేదురా. వచ్చుంటే నలభై తొమ్మిది అనేవాణ్ణి."

"నువ్వే అన్నయ్యవా అని అడిగింది."

"ఏమన్నావు?"

"అవునన్నా."

ఉల్లిపాయల ఘాటు గదంతా నిండి ఉంది. ముందు నవ్వింది వదిన. మొదట కొంగు నోటికడ్డం పెట్టుకుంది, ఆగలేదు. "అయితే నువ్వు నాకు మరిదివి కాదు. బావగారివి. లేవండీ, మీ అన్నయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు, కుర్చీ వెయ్యండి" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయలకో దేనికో.

అన్న నవ్వలేదు. తమ్ముడూ నవ్వలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గోడ మీది బురద గీత చూస్తున్నారు.

"నాన్న ఉంటే ఇద్దరికీ చెప్పు తెగేది" అన్నాడు అన్న.

"వద్దంటే మానేద్దాం. నేను వెళ్ళి చెప్పేస్తా."

"ఏమని చెబుతావు? ఎన్నిసార్లని వెళ్ళి నిజాలు చెబుతావు?" అన్న ఇటు తిరిగాడు. కళ్ళు మాత్రం నేల మీదే ఉన్నాయి. "నువ్వు తప్పు దిద్దుకోవడానికి వెళ్ళావు. నా తప్పు కొని తెచ్చుకున్నావు. చిన్నప్పట్నుంచీ అంతే, సంతకి పంపితే అడిగినది కాక ఇంకోటి తెస్తావు."

వదిన లేచి చేతులు కడుక్కుంది. "ఈయన తలకి నేను రంగు వేస్తా. నువ్వు మటుకు వేసుకోకు. ముసలాడిలాగే ఉండు. అక్కడ నిన్ను అన్నా అని పిలుస్తాడు. నువ్వు ఈయన్ని ఏరా అనాలి. నోరు వస్తుందా?"

"నాకు నోరు రాదు వదినా."

"రావాలి. ఇద్దరి పనీ పోతుంది, లేకపోతే."

మేడెక్కి పెళ్ళానికి చెబితే ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. చివరికి, "బావగార్ని ఏరా అంటారా?" అంది, వినకూడనిది విన్నట్టు.

తెల్లవారింది. అన్న కిందనుంచి కేకెయ్యకుండానే తమ్ముడు దిగాడు. అన్న జుట్టు బొగ్గులా ఉంది. ఎడమ చెవి మీద నల్లటి మరక మిగిలింది. తమ్ముడు తన రుమాలు తడిపి ఇచ్చాడు. అన్న తుడుచుకున్నాడు. మరక సగం పోయింది. ఇద్దరూ బయల్దేరారు.

దారంతా తమ్ముడు లోపల్లోపల ఆ మాట కూడబలుక్కుంటున్నాడు. ఏరా. రారా. లోపలికి రారా. కాగితం చదివినట్టే పెదాలు కదులుతున్నాయి. గొంతులోంచి బయటికి మాత్రం రావడంలేదు. ఇంటి నుంచి రోడ్డు చివరికి అంత దగ్గరని అతనికి అంతకు ముందు తెలియదు.

గేటు దగ్గర కుట్టేవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. వాచ్‌మన్ ఒక్కొక్కరినీ చూసి వదులుతున్నాడు. మేనేజరమ్మ అక్కడే ఉంది. తమ్ముణ్ణి గుర్తుపట్టింది. గుమాస్తా అందరికీ చెప్పినట్టున్నాడు, నలుగురైదుగురు తిరిగి చూశారు. తమ్ముడి కోసం పని వదులుకున్న అన్న ఇతనే అని చూపుల్లోనే ఒకరికొకరు చెప్పుకున్నారు.

"వచ్చావా?" అంది ఆమె. "ఏడీ మీ తమ్ముడు?"

తమ్ముడు నోరు తెరిచాడు. అన్న పక్కనే ఉన్నాడు, నల్లటి తలతో, తళతళలాడే కత్తెర సంచితో, కళ్ళు దించుకుని. అందరూ చూస్తున్నారు. ఒక్క మాట. రాలేదు. మేనేజరమ్మ కనుబొమలు కొంచెం దగ్గరయ్యాయి.

"ఇదుగో, ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు అన్న. తర్వాత గొంతు కొంచెం పెంచి, గేటు దగ్గర ఉన్న వాళ్ళందరికీ వినపడేట్టు, చిన్నవాడు పెద్దవాడితో మాట్లాడే వినయమంతా పెట్టి అన్నాడు:

"అన్నా, పెద్దవాడివి. నువ్వు ముందు నడు. నీ వెనక నేనొస్తా."

వాచ్‌మన్ పక్కకి తప్పుకున్నాడు. తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. తల వంచుకుని, అన్న కంటే ముందు, గేటు దాటి లోపలికి నడిచాడు.